కింద అంకె

పోయిన నెల దుర్గ్ నుంచి ఒక పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. ఒకప్పుడు భిలాయిలో, సెక్టర్ 4లో, మేమిద్దరం ఒకే బడిలో పనిచేశాం. మోకాళ్ళ నొప్పుల గురించీ మనవల గురించీ మాట్లాడుకున్నాక, ఇక పెట్టేస్తాననబోతూ, "మీ బి.ఇడి. అక్క పోయింది, నీకు తెలిసిందా?" అంది. నాకు తెలీదు. దుర్గ్ పక్కనున్న ఉతైలో పోయిందట. పాప ఎవరి దగ్గరుందని అడిగాను. అక్కడే, వాళ్ళ బాబాయి కొడుకు కుటుంబం చూసుకుంటోందని చెప్పింది. పాప అంటే ఇప్పుడు యాభై దాటిన మనిషి. నాకు మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లగానే గుర్తుంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ పాప ఎవరో కూడా రాసినట్టే అవుతుంది. ఆ పేరు ఏ కాగితం మీదకీ ఎక్కకూడదని ఆవిడ ఎంత పెనుగులాడిందో నేను పక్కనుండి చూశాను.

సన్నగా, పొడుగ్గా ఉండేది. పొడుగు ఎక్కువైనట్టు భుజాలు కాస్త ముందుకి వంచుకుని నడిచేది. పెన్ను ముడిలో గుచ్చుకునేది. అది అక్కడుందని మరిచిపోయి స్టాఫ్ రూమంతా వెతికేది. సుద్ద అంటిన చేతులతో కళ్ళద్దాలు పైకి తోసుకోకూడదని ముంజేతితో తోసుకునేది. మూడో తరగతికి లెక్కలు చెప్పేది. మంచి టీచరని పొగడ్డానికి లేదు. గట్టిగా అరిచేది, చెవి మెలిపెట్టేది, మళ్ళీ మధ్యాహ్నం అదే పిల్లవాడికి తన టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టేది.

నేను ఆ బడిలో చేరిన ఏడాదే, శిక్షణ లేని టీచర్లందరూ బి.ఇడి. పూర్తి చెయ్యాలనీ, లేకపోతే ఉద్యోగాలుండవనీ ఉత్తర్వు గట్టిపడింది. డెబ్బైల చివరి మాట ఇది. సాయంత్రం బడి వదలగానే మేం కొందరం టెంపో ఎక్కి దుర్గ్ వెళ్ళి క్లాసులు వినేవాళ్ళం. ఆవిడకది రెండోసారి. మిగతావన్నీ అయిపోయాయి, విద్యా మనోవిజ్ఞానం ఒక్కటే మిగిలింది. ఒకసారి తప్పింది. ఇంకొక్క అవకాశం ఇస్తామని బడివాళ్ళు చెప్పారు.

విజయనగరంలో తెలుగులో బి.ఏ. చదివి, పెళ్ళి చేసుకుని భిలాయి వచ్చిన మనిషి. బజారు హిందీ గలగలా మాట్లాడేది. పుస్తకం హిందీ దగ్గరకి వచ్చేసరికి మాత్రం చిన్నపిల్లలా వేలు పెట్టి చదివేది. ఆ సబ్జెక్టు పేరు హిందీలో శిక్షా మనోవిజ్ఞాన్. టెంపోలో మొదటి రోజే నా పక్కన ఇరుక్కుని కూర్చుని, "మనకి శిక్ష అంటే ఏటి? దెబ్బలు. వీళ్ళకి చదువు. రెండూ ఒకటేనని తెలియడానికి నాకీ వయసు రావాల్సొచ్చింది పిల్లా" అంది. నవ్వలేదు. నేనే నవ్వాను.

ఆ లావుపాటి పుస్తకాన్ని అధ్యాయాల వారీగా విప్పేసి, దారంతో విడివిడిగా కుట్టుకుంది. రోజుకో ముక్క సంచిలో పెట్టుకొచ్చేది. ఒక ముక్క బొగ్గుల సిగిడీ పక్కన వంట చేస్తూ చదివేది కాబట్టి ఆ కాగితాలకి ఆవాల వాసన వచ్చేది. చదివిన మాటని ఎవరిమీదో ఒకరిమీద ప్రయోగించి చూస్తేగాని ఆవిడకి గుర్తుండేది కాదు. గంట కొట్టడం మరిచిపోయిన ప్యూనుకి అభిప్రేరణ, అంటే పని చెయ్యాలన్న ఊపు, లేదనేది. పొద్దున్నే చిరాకుపడిన హెడ్‌మిస్ట్రెస్‌కి ఇంట్లో సమాయోజన్, అంటే సర్దుబాటు, కుదరట్లేదని మాకు మాత్రమే వినబడేలా చెప్పేది. తన గురించి ఒక్కటే మాట వాడేది: కుంఠా. కోరిక ఎటూ పోలేక లోపలే బిగుసుకుపోతే దాన్ని ఆ పుస్తకంలో అలా అంటారు. "ఇవాళ నాకు కుంఠాగా ఉందే" అనేది, తలనొప్పిగా ఉంది అన్నట్టు.

ఆదివారాలు చదువుకోడానికి వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళేదాన్ని. అక్కడే పాపని చూశాను. నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు, ఇస్త్రీ చేసిన గౌను. వచ్చి నా పక్కన కూర్చుని నా చీర అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేది. మాటలు చాలా తక్కువ. ఉన్నవాటిలో సగం హిందీ, సగం తెలుగు. నేనేమీ అడగకుండానే ఆవిడ చెప్పింది: దానికి సిగ్గెక్కువ, రెండు భాషల మధ్య నలిగి మాటలు ఆలస్యమయ్యాయి, ఇంకో ఏడాదికి సర్దుకుంటుంది. ఆ మాటలు ఎన్ని ఇళ్ళలో ఎంతమందికి చెప్పి ఉంటుందో, తడుముకోకుండా వచ్చేవి.

పాపని మా బడిలోనే ఒకటో తరగతిలో రెండుసార్లు కూర్చోబెట్టారట. రెండుసార్లూ ఇంటికి పంపేశారట. బావగారు, అంటే ఆవిడ భర్త, స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో షిఫ్టుల మీద పనిచేసేవాడు. కనురెప్పల వెంట్రుకలు ఎప్పుడూ కొద్దిగా కమిలి ఉండేవి. పాపని శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉన్న తన తల్లి దగ్గరికి పంపేద్దామని ఆయన చాలాకాలంగా అంటున్నాడు. చెడ్డవాడు కాదు. అక్కడ దాన్ని ఎవరూ చదవమనరు, ఎవరూ వెనకాల నవ్వరు, మేకల్ని చూసుకుంటూ సుఖంగా ఉంటుంది అని నా ముందే ఒకసారి అన్నాడు. ఆవిడ వింటూ చపాతీ పిండి పిసుకుతూనే ఉంది. ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాక, "పంపితే అది మేకల్లో కలిసిపోతాది. మళ్ళీ మన దగ్గరికి రాదు" అంది.

ఆవిడ లెక్క ఇది. పరీక్ష తేలితే ఉద్యోగం ఖాయమవుతుంది. ఖాయమైన టీచరు తన పిల్లని బడికి తెచ్చుకుంటే ఎవరూ గట్టిగా కాదనలేరు. ఏదో ఒక తరగతిలో, ఏదో ఒక మూల పాప కూర్చుంటుంది, సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తారు. ఇంతకుమించి ఆవిడ ఏమీ కోరుకోలేదు.

దసరా సెలవుల తరవాత అనుకుంటాను, క్లాసులో మందబుద్ధి బాలల అధ్యాయం మొదలైంది. ప్రొఫెసర్‌గారు రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. మెల్లగా, మేం రాసుకోవడానికి వీలుగా ఆగుతూ చెప్పేవారు. ఆలస్యంగా నడక. ఆలస్యంగా మాట. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం. కొత్త చోట, కొత్త వరుసలో అదే పనిని చేయలేకపోవడం. నా పక్కన ఆవిడ రాస్తూ రాస్తూ ఆగిపోయింది. కాసేపటికి పెన్ను ముడిలో గుచ్చుకుని లేచి బయటికి నడిచింది.

నేను వెళ్ళేసరికి వరండా చివర కుళాయి దగ్గర ఉంది. కుళాయి తిప్పి ఉంది, నీళ్ళు పోతున్నాయి, ఆవిడ చేతులు మాత్రం పొడిగా ఉన్నాయి.

"నా కూతురి గురించి ఆయనకి ఎవరు చెప్పారే?" అంది.

ఎవరూ చెప్పలేదని, అది పుస్తకంలోదేనని అన్నాను. నా మాట నమ్మడానికి ఆవిడకి కొంతసేపు పట్టింది. నమ్మాక ముఖంలో రక్తం లేకుండా పోయింది. ఎవరో చెప్పి ఉంటేనే బాగుండుననిపించింది నాకు.

ఆ తరవాత ఆవిడ ఆ ఒక్క అధ్యాయమే మోసుకు తిరిగింది. దాంట్లో ఒక సూత్రం ఉంటుంది. పిల్ల మానసిక వయసుని అసలు వయసుతో భాగించి వందతో గుణించాలి. వచ్చింది బుద్ధి లబ్ధం. లెక్కల టీచరు కాబట్టి ఆవిడ ఆ భిన్నాన్ని పట్టుకుని వదల్లేదు. "కింద అంకె మన చేతిలో లేదు. పై అంకె ఉంది కదా. నేర్పితే పైది పెరగాలా, వద్దా?" అని టెంపోలో నన్ను నిలదీసేది. అంత తేలిక కాదేమోనని నేను నసిగితే, మూడో తరగతి పిల్లలకి చెప్పినట్టు సీటు మీద వేలితో గీత గీసి, పైనా కిందా అంకెలు వేసి చూపించేది.

పాప పుట్టినరోజుకి సేమ్యా పాయసం చేసింది. నన్ను పిలిచింది. పాప కొత్త గౌను తొడుక్కుని గిన్నె అడుగు దాకా తుడుచుకుని తింది. నేను దీవించి బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఇవాళ్టితో కింద అంకె ఇంకోటి పెరిగిపోయింది పిల్లా" అంది. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అక్కడ తలుపు చాటున ఏడ్చింది. లోపల పాప గిన్నె మీద చెంచాతో కొట్టుకుంటూ సంతోషంగా ఉంది.

మా ప్రాక్టికల్స్‌లో ఒక చెక్క బోర్డు ఉండేది. గుండ్రం, చదరం, నక్షత్రం, శిలువ, అలా కొన్ని ఆకారాల్లో గుంటలు ఉంటాయి. ఆ ఆకారాల చెక్క ముక్కలు పిల్లకి కలిపి ఇచ్చి, ఎంతసేపట్లో ఏది ఎక్కడ పెడుతుందో చూడాలి. ఆవిడ ప్రాక్టికల్ రోజున ఆ బోర్డు మీద పాత న్యూస్‌పేపరు పరిచి గుంటల అంచుల వెంట గీతలు గీసుకుని, ఆ కాగితం ఇంటికి పట్టుకుపోయింది. బావగారు ఏమీ అడగలేదట. ప్యాకింగ్ పెట్టె చెక్క ఒకటి సంపాదించి, రెండు ఆదివారాలు వరండాలో కూర్చుని ఆ ముక్కలన్నీ కోశాడు. పాప చేతులకి పేడు గుచ్చుకోకుండా ఉప్పుకాగితంతో రుద్దాడు. అంతా అయ్యాక చెక్కపొట్టు తనే ఊడ్చి, భోజనం కూడా చెయ్యకుండా పడుకున్నాడు.

ఆ శీతాకాలమంతా ఆ ఇంట్లో జరిగింది ఒకటే పని. సాయంత్రం క్లాసు నుంచి రాగానే ఆవిడ కాళ్ళు కడుక్కుని, పాపని చాప మీద కూర్చోబెట్టి, ఎదురుగా గడియారం పెట్టేది. ముక్కలు కలిపేది. పాప పెట్టేది. మళ్ళీ కలిపేది. మొదట్లో పాప నక్షత్రాన్ని నోట్లో పెట్టుకునేది. ఒక ఆదివారం నా ముందే ఆవిడ పాప చేతిమీద గట్టిగా కొట్టింది. కొట్టి, ఆ చేతినే పట్టుకుని నక్షత్రం గుంట మీద పెట్టి, మళ్ళీ గడియారం చూసింది. చాలు అక్కా అని నేను బోర్డు పక్కకి లాగాను. ఆవిడ నావైపు చూడకుండా దాన్ని మళ్ళీ ముందుకి లాక్కుంది.

సంక్రాంతి వెళ్ళేసరికి పాప చేతులు మెరుపులా తిరిగేవి. చూసినవాళ్ళు నమ్మలేరు. మెచ్చుకుంటే పాప రెండు చేతులూ తలమీద పెట్టుకుని నవ్వేది.

అప్పుడు ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది. దుర్గ్‌లో ప్రొఫెసర్‌గారు పరీక్షించి, పాప మామూలు తరగతిలో కూర్చోవచ్చని చెబితే చేర్చుకుంటారా అని అడిగింది. ఆయన చెబితే నాకేం అభ్యంతరం అంది హెడ్‌మిస్ట్రెస్. మనస్ఫూర్తిగానే అంది.

ఒక మధ్యాహ్నం పాపని తీసుకుని ముగ్గురం దుర్గ్ వెళ్ళాం. ప్రొఫెసర్‌గారు ప్రాక్టికల్ గదిలో చిన్న బల్ల వేయించారు. పాపకి బిస్కెట్ ఇచ్చి, పేరు అడిగి, జవాబు రాకపోయినా తల నిమిరి బోర్డు ముందుకి జరిపారు. పాప కుదురుగా కూర్చుంది. ముక్కలు కలిపి ఇచ్చారు. ఆయన గడియారం సరిగ్గా చూసుకునే లోపలే పాప అన్నీ పెట్టేసి రెండు చేతులూ తలమీద పెట్టుకుంది.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో ఆ శీతాకాలమంతా ఉంది.

ఆయన బోర్డు వైపు కాసేపు చూశారు. పాప వైపు చూశారు. తరవాత ముక్కలు తీసి పక్కన పోసి, రెండు చేతులతో బోర్డుని పట్టుకుని అటుది ఇటు తిప్పబోయారు.

"సర్, బోర్డ్ మత్ ఘుమాయియే."

తిప్పకండి అని ఆవిడ బతిమాలిన ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఆయన చేతులు ఆగాయి. ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, చాలా మెల్లగా, నొప్పి కలగకుండా కట్టు మార్చేవాడిలా, బోర్డు తిప్పి పెట్టారు.

పాప మొదటి ముక్క తీసింది. నక్షత్రం. అంతకుముందు నక్షత్రం ఎక్కడుండేదో అక్కడే పెట్టింది. ఇప్పుడక్కడ గుండ్రటి గుంట ఉంది. నొక్కింది. పట్టలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. బొటనవేలి గోరు తెల్లగా అయ్యేదాకా నొక్కింది. ఏడవలేదు. తలెత్తి వాళ్ళమ్మ వైపు చూసింది, ఇందులో తన తప్పేముందో తెలియని చూపు.

ప్రొఫెసర్‌గారు ముక్కని ఆ చేతిలోంచి తీసేసి ఇంకో బిస్కెట్ ఇచ్చారు. ఎన్నాళ్ళు నేర్పారని అడిగారు. ఆవిడ చెప్పింది. ఆయన నిట్టూర్చి, ఈ పిల్ల నేర్చుకోగలదు, ఓపికగా ఒక్కొక్కటీ నేర్పితే నేర్చుకుంటుంది, కాని బడి అడిగేది ఇది కాదు అన్నారు. మామూలు తరగతిలో కూర్చోవచ్చని తను చెప్పలేనన్నారు. ఆవిడ వంగి ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన గాభరాగా వెనక్కి జరిగారు. ఈ శీతాకాలం మీరు చేసిందంతా ఉన్నదున్నట్టు ప్రాక్టికల్ రిపోర్టుగా రాసివ్వండి, ఇంతకంటే మంచి రిపోర్టు నాకెవరూ ఇవ్వరు అన్నారు. మేలు చేద్దామనే అన్నారు. ఆవిడ లేచి, పాప చేతికి అంటిన బిస్కెట్ పొడి కొంగుతో తుడిచి, నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది.

 టెంపోలో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. మర్నాడు ఆవిడ పక్క క్వార్టర్ పిల్లవాడిని బోర్డు ముందు కూర్చోబెట్టి, నలుగురూ రాసే రిపోర్టే రాసి ఇచ్చేసింది. ఆ వారంలోనే బావగారు హోల్డాల్ దింపి, పాప బట్టలు సర్ది కట్టాడు. పరీక్షలై, ఎండలు తగ్గాక పల్లెకి తీసుకెళ్ళాలని అనుకున్నారు. ఆవిడ కాదనలేదు. ఉద్యోగమైనా నిలబెట్టుకుంటే తరవాత చూద్దామని తనకి తానే చెప్పుకుంటోందని నాకు అర్థమైంది.

పరీక్ష మండుటెండల్లో జరిగింది. ప్రశ్నపత్రం చూడగానే నా ప్రాణం కుదుటపడింది, నా కోసం కాదు, ఆవిడ కోసం. మందబుద్ధి పిల్లల గుర్తింపు, వాళ్ళకి చదువు నేర్పే పద్ధతి, పూర్తిగా వివరించమని అడిగారు. ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఆవిడకంటే బాగా రాయగలవాళ్ళు లేరు. రెండు వరుసల అవతల ఆవిడ వంగిన భుజాలు చూస్తూ నేను నా పేపరు రాసుకున్నాను.

బయటికొచ్చాక వేపచెట్టు కింద కలిశాం. వేడిగాలి కొడుతోంది. బాగా రాశావు కదా అక్కా, ఆ ప్రశ్న వచ్చింది కదా అన్నాను.

"అది రాయలేదు" అంది.

నాకు అర్థం కాలేదు. టైము చాలలేదా అని అడిగాను.

"చాలింది. దాని బదులు వ్యక్తిత్వ సిద్ధాంతాలు రాసీసాను. వచ్చినంత." కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "రాస్తే నిండా మార్కులొస్తాయని నాకు తెలుసు. కాని ఎవరిని చూసి రాయాలే? దాన్ని చూసే కదా. అలా నడుస్తాది, ఇలా నొక్కుతాది, ఇది ఎప్పటికీ రాదు అని వరసగా రాసి, ఎవడో తెలీనివాడి చేత మార్కులేయించుకోవాలా? దాని మీద నాకు మార్కులొద్దు."

నాకు కోపమొచ్చింది. అది పరీక్ష, ఎవరికి తెలుస్తుంది, ఉద్యోగం పోతే పాపకి ఎవరు దిక్కు అని ఆ ఎండలో నిలబడి గట్టిగానే అన్నాను.  ఆవిడ నా మాటలన్నీ నిజమేనన్నట్టు తలూపుతూ వింది. చివర్లో, "పెన్ను పెట్టాను పిల్లా. చెయ్యి కదల్లేదు" అంది.

ఫలితాల్లో ఆవిడ నంబరు లేదు. బడి తెరిచాక ఉత్తర్వు ప్రకారం ఆవిడని తీసేశారు. హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా ఇంటికెళ్ళి చెప్పి వచ్చింది. మూడో తరగతి లెక్కలు నాకిచ్చారు. సుద్దపెట్టె తీసుకుని ఆ గదిలోకి వెళ్ళిన మొదటి రోజు ఒక పిల్ల, దీదీ ఎప్పుడొస్తుంది అని అడిగింది. పాఠం తెరవమన్నాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఏమనాలో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాను. బావగారు చాప మీద కూర్చుని హోల్డాల్ తోలుపట్టీలు విప్పుతున్నాడు. పరీక్షలో ఏం జరిగిందో ముందురోజే ఆవిడ ఆయనకి చెప్పిందట. పాప గౌన్లు ఒక్కొక్కటే తీసి, దులిపి, మళ్ళీ అలమారలో పెట్టాడు. మడతలు సరిగ్గా రాలేదు. పల్లె మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఆ తరవాతి సంవత్సరాల్లో ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెప్పింది. అవీ నిలబడలేదు, పాప పక్కన కూర్చుంటే మా పిల్లల చదువు సాగట్లేదని తల్లులు మాన్పించేవారు. ఆవిడ మాట్లాడటం తగ్గించింది. మనుషులకి పుస్తకంలో పేర్లు పెట్టడం పూర్తిగా మానేసింది. జుట్టు ముందువైపంతా తొందరగా తెల్లబడింది. నేను ఎప్పుడైనా వెళ్తే టీ ఇచ్చేది. ఆవిడ బడి కబుర్లు అడక్కుండా, నేను చెప్పకుండా, ఇద్దరం పాపని చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఎనభైల మధ్యలో మావారికి విశాఖపట్నం బదిలీ అయింది. వెళ్ళే ముందు చెప్పిరావడానికి వెళ్ళాను. ఆవిడ ఇంట్లో లేదు. రోడ్డు మలుపులో కరెంటు స్తంభం చాటున నిలబడి ఉంది. నన్ను చూసి మాట్లాడొద్దని సైగ చేసి పక్కకి లాక్కుంది. దూరంగా పాప వెళ్తోంది. పాప అప్పటికి వాళ్ళమ్మంత పొడుగైంది. చేతిలో పాల క్యాను, అందులో పాల డబ్బులు. ఏడాదిగా పాలు అమ్మే బూత్‌కి దారి నేర్పుతోందట. మొదట చెయ్యి పట్టుకుని, తరవాత పక్కన, తరవాత వెనకాల. ఇప్పుడు ఇలా చాటునుంచి.

ఆ రోజు పైపుల కోసం రోడ్డు అడ్డంగా తవ్వేశారు. మట్టి గుట్టలు, మధ్యలో గొయ్యి, దాటడానికి పక్కగా ఒక చెక్క పలక. పాప గొయ్యి దాకా వెళ్ళి ఆగిపోయింది. రోజూ దాటే చోటే నిలబడి గొయ్యిలోకి చూస్తోంది. పక్కనున్న పలక వైపు చూడటం లేదు. నేను కదలబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

చాలాసేపు అలాగే నిలబడింది పాప. క్యాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఒక కాలు ముందుకి పెట్టి వెనక్కి తీసుకుంది. నా పక్కన ఆవిడ ఊపిరి వినబడుతోంది.  నా మణికట్టు మీద ఆవిడ గోళ్ళు దిగాయి.

గొయ్యి అవతల మట్టి ఎత్తుతున్న ఛత్తీస్‌గఢీ కూలి మనిషి ఒకామె తట్ట దింపి నడుం నిటారు చేసుకుంది. పాప ఆమె వైపు చూసింది. తరవాత క్యాను పట్టుకున్న చేతిని గొయ్యి మీదుగా ముందుకి చాపింది.

"దూధ్" అంది. మాకు ఇక్కడికి వినబడేంత గట్టిగా.

ఆమె ఒక నిమిషం పాప ముఖం చూసి, పలక మీదుగా ఇవతలికొచ్చి క్యాను అందుకుని, పాల బూత్ వైపు నడిచింది. పాప అక్కడే నిలబడి ఎదురుచూసింది. ఆమె తిరిగొచ్చి నిండిన క్యాను చేతిలో పెట్టింది. పాప రెండు చేతులతో పట్టుకుంది.

ఇలా అడగడం ఆవిడ నేర్పలేదు. ఆ మాట ఆవిడ నాతో అనలేదు, ఆవిడ ముఖం చెప్పింది. కళ్ళు తుడుచుకోడానికి కూడా ఆగకుండా నా చెయ్యి లాగింది.

"పద పద. మనం చూసినట్టు దానికి తెలీకూడదు. అది వచ్చేసరికి నేను ఇంట్లో ఉండాలి."

క్వార్టర్ల వెనక సందులోంచి, ఆరేసిన బట్టల కింద తలలు వంచుకుని, చీరలు పట్టుకుని ఇద్దరం పరిగెత్తాం. ఆవిడ నాకంటే ముందు పరిగెత్తింది. వెనక తలుపు తోసుకుని లోపలికెళ్ళి, ఆయాసం వినబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందు తలుపు వైపు తిరిగి నిలబడింది.